పైవి గుంటూరువి, కిందవి పొదిలివి

మా ఊరు మొత్తానికి తెల్లటి పళ్ళున్న మనిషి మా నాన్న ఒక్కడే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టుండేది ఆయన నోరు. మిగతా అందరి పళ్ళూ, మా అమ్మవీ నావీ సహా, టీ మరకలు పట్టిన పాత కప్పుల్లా గోధుమరంగు చారలతో ఉండేవి. పొదిలికి అవతల మెట్టపొలాల మధ్య ఊరు మాది. నాన్న ఆ ఊరివాడు కాదు. కృష్ణ ఒడ్డున తాడేపల్లిలో పుట్టి పెరిగాడు. మా ఊరి చిన్న చర్చికి ఉపదేశిగా వచ్చి, ఆ ఊరి అమ్మాయైన మా అమ్మను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆదివారం వాక్యం చెప్పడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పెళ్ళికీ చావుకీ వెళ్ళి ప్రార్థన చెయ్యడం ఆయన పని.

ఆయనకో గట్టి నమ్మకం ఉండేది, మా ఊరివాళ్ళు పళ్ళు సరిగ్గా తోముకోరని. శుభ్రత మాట వచ్చిందంటే చాలు, వాక్యం ఎక్కడ మొదలైనా పళ్ళ దగ్గరికి వచ్చి ఆగేది. వినేవాళ్ళు ఆ పళ్ళతోనే నవ్వుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ కోపమంతా ఇంట్లో నా మీద తీరేది. పొద్దున్నే పెరట్లో నిలబెట్టి, బొగ్గుపొడీ ఉప్పూ కలిపి అరచేతిలో పోసి, తాను ఎదురుగా నిలబడి తోమించేవాడు. అది అయ్యాక వేపపుల్ల. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది గాని చార మాత్రం కదిలేది కాదు. ఇంకా తోము, ఇంకా తోము అనేవాడు. నేను బద్ధకపు పిల్లనని నాకు నేనే తీర్మానించుకుని పెరిగాను.

మా అమ్మకు ఈ గొడవేమీ పట్టేది కాదు. మిరపకోతలకు పోతే ఆవిడ నవ్వు పక్క చేలోకి వినపడేది. తల వెనక్కి వాల్చి, ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వేది. చర్చిలో కీర్తన ఎత్తుకున్నా అంతే, నోరంతా తెరిచి పాడేది. నాన్న పళ్ళ ఉపదేశం మొదలుపెడితే, మీరు తోముకుంటున్నారుగా, ఇంటికొకరు చాల్లెండి అని ఆట పట్టించేది. ఆ నవ్వు వింటే నాకు ఇంటికొచ్చినట్టు ఉండేది. నేను చెప్పబోయేదంతా చివరికి ఆ నవ్వు గురించే.

ఎనభైల మొదట్లో నాకు గుంటూరులో టీచర్ ట్రైనింగు సీటు వచ్చింది. నాన్న చర్చిలో ప్రత్యేకంగా స్తుతి ప్రార్థన పెట్టించాడు. హాస్టల్లో మొదటిరోజు పొద్దున కుళాయిల దగ్గర వరసగా నిలబడి మొహాలు కడుక్కుంటున్న అమ్మాయిలను చూసి నేను నోరెళ్ళబెట్టాను. అందరి పళ్ళూ తెల్లగా ఉన్నాయి. వీళ్ళంతా ఉపదేశి బిడ్డలా ఏమిటి అనుకున్నాను. పొదిలి చుట్టుపక్కల ఊళ్ళు తప్ప నేను లోకం చూసిందేముంది. నాన్న సెలవుల్లో ఒక్కడే తాడేపల్లి వెళ్ళొచ్చేవాడు గాని, దారి ఖర్చు పెట్టి అందరం వెళ్ళింది లేదు. తెల్లపళ్ళు నాన్నకు దేవుడిచ్చిన వరమనుకునేదాన్ని.

నా గదిలో ఉండే అమ్మాయిది గుంటూరు పక్క పల్లె, మిరప పండించే రైతుల ఇల్లు. గొంతు పెద్దది, మనసు మంచిది. ఆ పొద్దున్నే నా నోరు చూసి, చుట్టూ ఎవరూ వినకుండా తన పేస్టు నా చేతిలో పెట్టింది. ఇంకా తోముకోలేదు కదా, ఇది వాడుకో అంది. నేను అప్పుడే తోముకుని వచ్చాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ కంటే గట్టిగానే తోముకున్నానని ఆ పేస్టు తిరిగి ఆమె చేతిలో కొట్టాను. ఆమె కోపం తెచ్చుకుంటే బాగుండేది. అయ్యో అన్నట్టు చూసింది. ఆ చూపు నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆరోజు నుంచి నా కుడిచెయ్యి నోటి దగ్గరికి పోవడం నేర్చుకుంది. నవ్వొస్తే ఓణీ చెంగు అడ్డం. మాట్లాడాలంటే తల వంచడం. పెదాలు ఎత్తకుండా మాటలు బయటికి పంపడం కూడా వచ్చేసింది. మా అమ్మ కడుపున పుట్టి నేను నవ్వడం మానేశాను.

అది చదువు దాకా వచ్చింది. ప్రాక్టీసు పాఠాల కోసం మమ్మల్ని దగ్గర్లోని చిన్న బడికి తీసుకెళ్ళేవాళ్ళు. ఒకటో తరగతి పిల్లల ముందు నిలబడి నేను ఏదో గొణిగేదాన్ని, వాళ్ళు బల్లల కింద ఆడుకునేవాళ్ళు. మా మేడమ్ కఠినమైన మనిషి, కాని పక్షపాతం లేనిది. ఓ సాయంత్రం నన్ను ఆపి సూటిగా చెప్పింది.

“పిల్లలు నీ నోరు చూసి అక్షరం పలకడం నేర్చుకుంటారమ్మాయ్. నువ్వు నోరే తెరవకపోతే వాళ్ళేం నేర్చుకుంటారు? ఆఖరి పాఠం చూసి మార్కులెయ్యడానికి బయటివాళ్ళు వస్తారు. ఆవేళ కూడా ఇట్టాగే ఉంటే నేను నిన్ను గట్టెక్కించలేను.”

గదికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. అడగ్గా అడగ్గా నా గదిలో అమ్మాయికి విషయం చెప్పాను. ఇంతేనా అంది. మర్నాటి నుంచి నా పళ్ళ పని పెళ్ళిపనిలా నెత్తిన వేసుకుంది. హాస్టలంతా తలా ఒక చిట్కా చెప్పారు. ఒకరు నిమ్మరసంలో ఉప్పు అన్నారు, ఒకరు వంటసోడా అన్నారు, ఒకరు పాత ఇటుక నూరిన పొడి అన్నారు. మంగళగిరి నుంచి వచ్చిన అమ్మాయి ఉత్తరేణి వేరు తెచ్చిపెట్టింది, వాళ్ళ అమ్మమ్మ జన్మంతా దానితోనే తోముకుందట. ఆ అమ్మమ్మకు ఇప్పుడు పళ్ళే లేవని తర్వాత తెలిసింది.

ఏదీ వదల్లేదు నేను. ఇటుకపొడికి చిగుళ్ళు వాచాయి. నిమ్మరసంతో కాస్త తెలుపు వస్తున్నట్టు అనిపించి పూటపూటా దాన్నే రుద్దాను. కొన్నాళ్ళకు కుండలో చల్లటి నీళ్ళు నోట్లో పోసుకుంటే నెత్తిదాకా జివ్వుమని లాగడం మొదలైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. చారలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

బస్టాండు దగ్గర ఒకాయన గోనెపట్టా మీద కట్టుడుపళ్ళూ, రంగురంగుల సీసాలూ పరుచుకుని కూర్చునేవాడు. పుల్లకు దూది చుట్టి, చిన్న సీసాలో ముంచి, ఎవరి పన్నుకైనా రుద్దితే బుసబుసమని నురగ వచ్చేది. తుడిచేసరికి పన్ను సుద్దముక్కలా తెల్లగా కనపడేది. నేను చూస్తుండగానే ఒక రిక్షా అతని పన్ను అలాగే తెల్లబడింది. నాకింకేం కావాలి. జనాన్ని తోసుకుని వెళ్ళి ఆయన ముందున్న పీట మీద కూర్చుని నోరు తెరిచాను. గుంటూరు వచ్చాక నా అంతట నేను నోరు తెరిచింది అదే మొదలు. సీసా మూత తీశాడో లేదో, నా గదిలో అమ్మాయి వెనకనుంచి నా జడ పట్టుకుని లేవదీసింది. వాళ్ళ బాబాయి ఇదే చేయించుకుంటే ఏడాది తిరక్కుండా పన్ను గోడసున్నంలా రాలిపోయిందట. దారి పొడుగునా తిట్టి, మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

పళ్ళ డాక్టరు కాస్త పెద్దవయసు మనిషి. నోరు తెరవమని, అద్దం పెట్టి చూసి, నా వివరాలేవీ అడక్కుండానే, పొదిలి అవతలా, కనిగిరి వైపా అన్నాడు. పొదిలి అవతలండి, మీకెలా తెలుసని అడిగాను. మీ పళ్ళు చెప్తున్నాయి అన్నాడు. తర్వాత చెప్పింది విని నేను కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాను. ఇది మురికి కాదట. చంటితనంలో చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ళ వల్ల పట్టిన రంగట. మా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువట. బొగ్గు కాదు గదా ఇసుక పెట్టి తోమినా పోదట.

నాకు డాక్టరు మీదే కోపం వచ్చింది. ఎందుకంటే మా ఊరికి గొప్ప అంటూ ఏదైనా ఉందంటే అది మా మంచినీళ్ళ బావే. చుట్టుపక్కల ఊళ్ళలో నీళ్ళు ఉప్పగా ఉంటే మావి మాత్రం కొబ్బరినీళ్ళలా ఉండేవి. చుట్టాలు వస్తే కాఫీ కంటే ముందు ఆ నీళ్ళు ఇచ్చి, వాళ్ళు బాగున్నాయనే దాకా ఎదురుగా నిలబడేవాళ్ళం. ఆ మాటే చెప్పి, మా నాన్న కూడా ఆ నీళ్ళే తాగుతున్నాడు, ఆయన పళ్ళు మల్లెపూలలా ఉన్నాయి, దానికేమంటారని వాదనకు దిగాను. ఆయన చిన్నప్పుడు ఎక్కడ పెరిగాడని డాక్టరు అడిగాడు. తాడేపల్లి అన్నాను.

“మరింకేం, కృష్ణ నీళ్ళు తాగి పెరిగాడు. మీ ఊరొచ్చేసరికే ఆయన పళ్ళు వచ్చేసి ఉన్నాయి. నువ్వు తోమకపోవడం వల్ల కాదమ్మా ఇది. నీ తప్పేమీ లేదు.”

నేను ఏడ్చాను. ఇన్నేళ్ళ బొగ్గుపొడి, చిగుళ్ళ రక్తం, పెరట్లో నిలబడి తిన్న తిట్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నాన్న మీద కోపం, నేను బద్ధకస్తురాలిని కానన్న సంతోషం, రెండూ కలిసి వచ్చాయి. డాక్టరు నన్ను ఏడవనిచ్చి, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగాడు. నేను గుంటూరు బయల్దేరే ముందే మా అమ్మకు లేకలేక ఇంకో ఆడపిల్ల పుట్టింది, ఇంకా పాలు వదల్లేదని చెప్పాను. అయితే ఆ పిల్లకు బావినీళ్ళు పట్టకండి అన్నాడు. వాననీళ్ళు పట్టండి, అవి లేనప్పుడు చెరువు నీళ్ళు మరగకాచి పట్టండి, ఆమె పళ్ళు తెల్లగానే వస్తాయన్నాడు.

ఇక నా సంగతి. పళ్ళు అరగదీసి తొడుగులు వెయ్యొచ్చు. మందు పెట్టి పైపొర కొద్దిగా రుద్దితే రంగు చాలావరకు తగ్గొచ్చు, పాలలా మాత్రం అవ్వదు. ఏమీ చేయించుకోకపోయినా ప్రాణానికి నష్టం లేదు. నీ ఇష్టం అన్నాడు. సొంతపళ్ళు అరగదీయించుకోవడానికి నాకు మనసొప్పలేదు, రుద్దడానికే ఒప్పుకున్నాను. ముందు ఆ నిమ్మకాయలూ ఇటుకలూ మానెయ్యి, జివ్వుమనడం తగ్గాక రమ్మన్నాడు. తగ్గాక వెళ్ళాను. చిగుళ్ళకు అడ్డంగా రబ్బరు గుడ్డ పెట్టి, ఘాటైన మందుతో పైవరస ముందుపళ్ళు ఓపిగ్గా రుద్దాడు. కింద వరసకు ఇంకోసారి రమ్మన్నాడు. అద్దంలో చూసుకుంటే పైపళ్ళు జొన్నగింజ రంగులోకి వచ్చాయి. అంత అందమైన జొన్నలు నేను ఏ కళ్ళంలోనూ చూడలేదు.

సెలవు దొరకగానే బస్సెక్కి ఊరికి వెళ్ళాను. అమ్మ వాకిట్లో చెల్లెలిని చంకన వేసుకుని మిరపకాయలు తిరగేస్తోంది. నేను గుమ్మంలోంచే నవ్వాను, చూపించడానికే నవ్వాను. ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చి నా గడ్డం పట్టుకుని ఎండకేసి తిప్పి చూసింది. ఎంత బాగున్నాయే అని మురిసిపోయి, ఎప్పటిలాగే తల వెనక్కి వాల్చి నవ్వబోయింది. సగంలో ఆవిడ చెయ్యి పైకి లేచి పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి నాకు తెలుసు. హాస్టల్లో నేను నేర్చుకున్నదే అది. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ అలా చెయ్యడం నేను చూడలేదు. చెయ్యి తియ్యమ్మా అన్నాను.

“పోవే. నీ పక్కన నవ్వాలంటే సిగ్గేస్తంది.”

సరదాకే అంది. సరదా అయితే చెయ్యి తీసేదే.

ఆ కోపం తీసుకెళ్ళి నాన్న మీద పెట్టాను. అన్నం దగ్గర డాక్టరు చెప్పిందంతా చెప్పాను. నాన్న ఒప్పుకోలేదు. ఇంత తియ్యటి నీళ్ళలో దోషమేముంటుంది, దేవుడిచ్చిన బావి అన్నాడు. నాకు తిక్క రేగింది.

“మీ పళ్ళు తోమితే తెల్లబడలేదు నాన్నా. కృష్ణ నీళ్ళు తాగారు గనక తెల్లబడ్డాయి. మా అందరినీ ఊరికే తిట్టారు.”

నాన్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. అమ్మ వైపు చూశాడు, తర్వాత చంటిదాని వైపు చూశాడు. చెయ్యి కడుక్కుని చర్చి వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆదివారం వాక్యానికి ముందు లేచి, ఇన్నేళ్ళూ మీరు పళ్ళు తోముకోరని అన్నాను, మీరు తోముకున్నారు, పొరపాటు నాది అన్నాడు. ముందు జనానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక ముసలాయన, అయితే అయ్యగారూ ఇక మా జోలికి రారుగా అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, పమిటచెంగు వెనక.

చర్చికి సిమెంటు డాబా ఉండేది. నాన్నా, ఇంకో ఇద్దరు సంఘస్థులూ కలిసి ఆ డాబా నీళ్ళు ఒక తొట్టిలోకి దిగేట్టు రేకుగొట్టం బిగించారు. తొలివాన వదిలేసి తర్వాతి వానలు పట్టారు. చెల్లెలికి ఆ నీళ్ళే వడగట్టి మరగకాచి పట్టేవాళ్ళు. తొట్టి ఎండిపోయిన నెలల్లో ఊరికి దూరంగా ఉన్న చెరువు నుంచి నాన్న సైకిల్ మీద బిందె కట్టుకుని తెచ్చేవాడు. బర్రెలు తాగే నీళ్ళు బిడ్డకు పడతారా అని ఊరు ఊరంతా నవ్వింది. చంటిబిడ్డల తల్లులు కొందరు మాత్రం చెంబులు పట్టుకుని వచ్చి తొట్టి దగ్గర నిలబడేవాళ్ళు.

నేను గుంటూరు తిరిగి వెళ్ళాను గాని కిందపళ్ళకు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాలని బయల్దేరినప్పుడల్లా అమ్మ చెయ్యి కళ్ళ ముందుకొచ్చేది. కొన్నైనా అమ్మలాంటివి నా నోట్లో ఉండాలనిపించింది. నా గదిలో అమ్మాయి, నీకు వేపకాయంత వెర్రి ఉందని ఎప్పుడో అనుకున్నా, ఇది గుమ్మడికాయంత ఉందే అంది. పైవి గుంటూరువి, కిందవి పొదిలివి అని హాస్టలంతా చాటింది. అది విని నేనే ముందు పగలబడి నవ్వాను. నవ్వాక చూసుకుంటే నా చెయ్యి ఒళ్ళోనే ఉంది.

ఆఖరి పాఠం రోజు బయటివాళ్ళు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. నేను చర్చిలో మా అమ్మ కీర్తన ఎత్తుకున్నట్టు నోరంతా తెరిచి ‘ఆ’ అన్నాను. ముందు బల్లలో పిల్ల ఒకతి నా నోట్లోకి వంగి చూసి, టీచర్, మీ కిందపళ్ళకేమైంది అంది. మా ఊరి నీళ్ళమ్మా అని చెప్పి, నువ్వూ నోరు తెరిచి అను అన్నాను. అందరూ తెరిచారు. మేడమ్ బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, ఇంతకాలం ఈ గొంతు ఎక్కడ దాచావని అడిగింది.

పొదిలి దగ్గరే చిన్న బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. నా సంగతి అలా గట్టెక్కింది గాని అమ్మ చెయ్యి మాత్రం కిందికి దిగలేదు. చర్చిలో పాట కూడా సన్నబడింది. గుంటూరు తీసుకెళ్తాను రమ్మంటే, ఈ వయసులో నాకెవరు సంబంధం చూస్తారే అని చెంగు వెనకనుంచే వేళాకోళం చేసేది. చెల్లెలి పాలపళ్ళు తెల్లగా వచ్చాయి, కాని అందులో ఊరట లేదు. పాలపళ్ళు మా ఊళ్ళో అందరికీ తెల్లగానే వచ్చేవి. రెండోసారి మొలిచేవాటికే చారలుండేవి. అందుకని ఇంటిల్లిపాదీ ఆ పిల్ల పాలపళ్ళు ఎప్పుడు ఊడతాయా అని ఎదురుచూశాం.

ముందుపళ్ళు ఊడి, బోసినోటితో కొంతకాలం తిరిగింది. ఒక ఆదివారం పొద్దున నేను చర్చికి తయారవుతుంటే వీధిలో గోల వినపడింది. పరిగెత్తుకుని బయటికి వచ్చాను. అమ్మ చెల్లెలిని నడివీధిలో నిలబెట్టి, ఒక చేత్తో గడ్డం పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో పైపెదవి ఎత్తిపెట్టి, చర్చికి వెళ్ళే వాళ్ళందరినీ ఆపి చూపిస్తోంది. చిగురులోంచి కొత్తపన్ను అంచు బయటికి వచ్చింది. చార లేదు, మచ్చ లేదు, తెల్లగా ఉంది.

“చూడండి, నా బిడ్డ పన్ను చూడండి!”

నాన్న అరుగు మీద నిలబడిపోయాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. పిల్ల నొప్పి, నొప్పి అని మూలుగుతున్నా అమ్మ వదలడం లేదు. తల వెనక్కి వాల్చి, ఆ చారల పళ్ళన్నీ ఎండలో బయటపెట్టి నవ్వుతోంది. పమిటచెంగు భుజం మీదే ఉంది. రెండు చేతులూ పిల్ల నోటి దగ్గరున్నాయి, తన నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఏ చెయ్యీ ఖాళీ లేదు.